ఏడో నంబరు పొట్టేలు

నందిగామలో సిలార్ ముప్పయ్యేళ్లు మాంసం కొట్టు నడిపాడు. అతను కత్తి ఆడిస్తే జీవం గింజుకోకుండానే ప్రాణం వదిలేది. కరోనా రెండో విడతలో భార్య రహీమాబీ మందు దొరక్క ఆసుపత్రి మెట్ల మీదే పోయాక అతనికి ఆ పని మీద మనసు విరిగింది. జగ్గయ్యపేట రోడ్డులో పొట్టేళ్ల షెడ్డుకు కాపలాగా చేరాడు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరు నవ్వింది. నవ్వడానికి ఊరికేం పోయింది!

ఆ షెడ్డు డాక్టర్ సుస్మితది. ఆమె పొట్టేళ్లకు కరోనా వైరస్ ఎక్కించేది కాదు. వైరస్ ఒంటిమీది ముల్లు ఎలా తయారవాలో చెప్పే డీఎన్ఏ ముక్కను మాత్రం తొడకండలోకి ఎక్కించేది. పొట్టేలు ఒళ్లే ఆ ముల్లును తయారుచేసుకుని, దానికి విరుగుడు పుట్టిస్తుంది. ఆ విరుగుడును రక్తంలోంచి తీసి రోగులకు మందు చేయాలని ఆమె తపన. పన్నెండింటిలో ఏడో నంబరు రక్తం ఒక్కటే పరీక్షలో గట్టిగా పనిచేసింది. సోమవారం మందుకు సరిపడా దాని రక్తం తీయాలి.

సిలార్ నోరు ఊరుకుంటేనా! ఆదివారం పొద్దున టీకొట్టు దగ్గర, "మా పొట్టేలు ఒంట్లో కరోనా ముల్లు తయారవుతోందండీ" అని గొప్పలు పోయాడు. మధ్యాహ్నానికల్లా అది షెడ్డులో కరోనాను పెంచుతున్నారన్న మాటయి కూర్చుంది.

ముప్పైమంది కర్రలు, గడ్డపారలతో వచ్చారు. ముందు రైతు వీరేంద్ర. కరోనాతో పోయిన తండ్రినీ తమ్ముణ్ణీ వారం తేడాతో కాటికి మోసినవాడు.

"మా నాన్నని మింగింది చాల్లేదా సిలారూ? ఇంకా పెంచుతున్నావా?"

"వైరస్ లేదు బాబూ, మందు కోసం..."

కర్ర అతని దవడ పగలగొట్టింది. కట్టేసి ఉన్న జీవాలను గడ్డపారలతో కుళ్లబొడిచారు. ఎముకలు పటపట విరిగాయి. ఒకదాని కన్ను ఊడి గడ్డిలో పడింది. ఇంత పిరికి కోపం సిలార్ తన కసాయి బతుకులో ఎన్నడూ చూడలేదు. ఏడో నంబరు మీద బోర్లాపడితే అతని పక్కటెముకలు విరగ్గొట్టి ఈడ్చేశారు. దాని కడుపు చీల్చి వెళ్లిపోయారు.

నెత్తురు ఉమ్ముతూ సుస్మితకు ఫోన్ చేసి జరిగింది చెప్పాడు.

"కంచికచర్ల దాటానండీ, అరగంటలో అక్కడుంటా" అంది సుస్మిత. "ఏడో నంబరు ప్రాణం పోనివ్వకండి. బతికుండగా రక్తం తీస్తే చాలు."

పొట్టేలు పేగులు బయటపడి కాళ్లు కొట్టుకుంటోంది. ఊపిరి ఆగింది, అందింది, మళ్లీ ఆగింది. కొనఊపిరితో ఉన్న జీవాన్ని కోయకుండా చావనిస్తే హరాం, ఆ మాంసం తినకూడదు. ముప్పయ్యేళ్లుగా అతని చేతికి తెలిసింది అదే. తాళ్లు కోసే కత్తి అందుకుని, బిస్మిల్లా అని కోసేశాడు. రక్తమంతా మట్టిలో ఇంకిపోయింది.

సుస్మిత సీసాలతో పరుగెత్తుకొచ్చి, తెగిన మెడ చూసి కూలబడింది.

"ఎందుకు కోశారండీ?"

"చచ్చిపోద్దేమోనమ్మా... హరాం అయిపోద్దని..."

"దీన్ని ఎవరూ తినరు కదండీ సిలార్ గారూ!"

అప్పటికి గానీ అది అతని తలకెక్కలేదు. అన్ని దెబ్బలకూ ఏడవనివాడు, కుడిచేతిని ఎడమచేత్తో నలిపేసుకుంటూ భోరుమన్నాడు.