గూడ్సుబండి చాటున

కంచరపాలెంలో మా ఇల్లు రైలు పట్టాల పక్కనే ఉండేది. పోర్టుకు ఇనుప ఖనిజం మోసుకెళ్ళే గూడ్సుబండి వస్తే పక్క మనిషి మాట కూడా వినబడేది కాదు. అందుకే మా ఇళ్ళలో జరిగే ప్రార్థన కూడికలకు ఒక అలవాటు ఏర్పడింది. బండి రాగానే ప్రార్థన చేస్తున్నవారు వాక్యం మధ్యలోనే ఆగిపోతారు. అందరూ కళ్ళు మూసుకునే ఉంటారు. బండి దాటాక ఆగిన చోటినుంచి ప్రార్థన మళ్ళీ మొదలవుతుంది.

"మన పాస్టరుగార్ని ఆపగలిగింది గూడ్సుబండొక్కటే" అనేది నా భార్య.

డెబ్బైల చివర్లో ఒక వానాకాలం ఆమె జ్వరంతో పోయింది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ప్రార్థించాను. పోయాక మోకరిస్తే మాట రాలేదు. చిన్నప్పటినుంచీ నేర్చుకున్న మాటలన్నీ గుర్తున్నాయి. వాటిలో ఒక్కటీ అప్పుడు నాకు నిజమనిపించలేదు.

పోయినవారి కుటుంబాన్ని ఓదార్చే ఆదరణ కూడిక మా ఇంట్లోనే పెట్టారు. పాస్టరుగారి తరువాత నేను దేవునికి కృతజ్ఞత చెప్పాలి. మా సంఘంలో అది ఆనవాయితీ. ఆమెను ఇచ్చినందుకు చెప్పగలను. తీసుకున్నందుకు చెప్పలేను. అందరి ముందూ అబద్ధమాడడమా, నోరు మూసుకుని కూర్చోవడమా అన్నది తేలకుండానే కూడిక మొదలైంది.

"మా సహోదరిని నీ సన్నిధికి చేర్చుకున్నందుకు..." అంటుండగా బండి చప్పుడు వచ్చింది. పాస్టరుగారు ఆగారు. ఖనిజం బండి దాటడానికి చాలాసేపు పడుతుంది. ఆ ధైర్యంతో తల వంచుకుని గట్టిగానే అన్నాను.

"ఏటి ప్రభువా, అది నిన్నెంత నమ్మింది! దాన్నలా బాధెట్టి తీసుకుపోడానికి నీకు మనసెలాగొప్పింది?"

ఆ సాయంత్రం వచ్చింది పెట్టెల్లేని ఒంటి ఇంజను. నా మాట సగంలో ఉండగానే వెళ్ళిపోయింది. మిగతా సగం గదిలో అందరూ విన్నారు.

పాస్టరుగారు "చేర్చుకున్నందుకు..." అని అందుకోబోయి ఆగారు. మళ్ళీ ప్రయత్నించారు. వాక్యం ముందుకు సాగలేదు. నా పక్కన మా అత్తగారు, కూతుర్ని పోగొట్టుకున్న మనిషి, ప్రార్థనకు తలమీద వేసుకున్న కొంగు తీయకుండానే అన్నారు.

"అవును తండ్రీ. నానూ అదే అడగతన్నాను. సెప్పు."

పాస్టరుగారు తన వాక్యం వదిలేసి "ఆమెన్" అన్నారు. నన్ను కృతజ్ఞత చెప్పమని ఎవరూ అడగలేదు.

టీ తాగుతూ సంఘపెద్ద ఒకాయన గొణిగాడు. "దేవుణ్ణలా నిలదీత్తారేటి, బావా?"

నేను నోరు తెరవకముందే అత్తగారు అందుకున్నారు. "మరెవుల్ని అడగమంటావు? నిన్నా?"

అత్తగారు నాతోనే ఉండిపోయారు. తరువాత చాలాకాలం, బండి చప్పుడు దూరంగా వినబడగానే వంటగదిలోంచి పిలిచేవారు. "బాబూ, రైలొత్తంది. అడుగు." అడిగేవాణ్ణి. కొన్నిసార్లు కోపంగా, కొన్నిసార్లు నా భార్య చేతి పులుసు గురించో, ఆరోజు ఆఫీసు సంగతో చెబుతూ. జవాబు మాత్రం వినబడలేదు.

ఎనభైల్లో ఉద్యోగరీత్యా ఉక్కు ఫ్యాక్టరీ క్వార్టర్స్‌కు మారాం. అక్కడ ఇంటి దాపున రైలు లేదు. మొదటి సాయంత్రం అలవాటుగా రైలు చప్పుడు కోసం చెవి ఒగ్గాను. తరువాత మామూలు గొంతుతోనే దేవుణ్ణి అడగడం మొదలుపెట్టాను. అత్తగారు వంటగదిలో గిన్నెల చప్పుడు ఆపారు.