రెండో డబ్ల్యూప్యాడ్

చేయని తప్పుకు 2004లో నన్ను మడకశిర బ్రాంచికి బదిలీ చేశారు. జిల్లా కార్యాలయంలో ఇంటర్నెట్ పాడుచేసినవాడన్న పేరు కూడా నా వెంటే పంపారు.

అప్పుడు నేను అనంతపురంలో సీనియర్ అసిస్టెంటుని. కంప్యూటర్ గది అదనపు బాధ్యత. పుస్తకాలు చూసి నేర్చుకున్న విద్య, గర్వం మాత్రం ఇంజనీరుది. మా కంప్యూటర్లన్నీ ప్రాక్సీ అనే ఒకే యంత్రం గుండా బయటి నెట్‌కు పోవాలి. ఆ దారి ఒక్కో బ్రౌజరులో చేత్తో రాయడం ఎందుకని, దారి దానంతటదే కనుక్కొమ్మని చెప్పే గడిలో టిక్కు పెట్టి, ప్రాక్సీకి డబ్ల్యూప్యాడ్ అని పేరు పెట్టాను. అప్పటినుంచి బ్రౌజరు తెరవగానే 'డబ్ల్యూప్యాడ్ ఎవరు?' అని నెట్‌వర్కులో కేకేస్తుంది. ఆ పేరున్న యంత్రం పలికి, దారి రాసిన చిన్న ఫైలు ఇస్తుంది. పలికినది అసలుదా కాదా అని బ్రౌజరు ఆరా తీయదు.

కొత్త ప్రాక్సీ వచ్చింది. దానికీ అదే పేరు పెట్టాను. పాతదాన్ని, పారేయడానికి మనసొప్పక, తపాలా గుమాస్తా ఓబులేసుకు టైపింగ్ కోసం ఇప్పించాను.

ఆ నెల నుంచే కొన్ని రోజులు ఎవరికీ నెట్ లేదు, కొన్ని రోజులు అందరికీ ఉంది. సాయంత్రం మెయిన్ స్విచ్ ఆపి పొద్దున వేయడం మా ఆఫీసు ఆచారం. నెట్ రాని రోజున, నేను వచ్చి కొత్త ప్రాక్సీ వేయగానే దాని తెరమీద 'ఈ పేరు ముందే వాడుకలో ఉంది' అని వచ్చేది. మన కరెంటుకు బెదిరి ఏదో వాగుతోందని ఓకే నొక్కేవాణ్ణి.

నాకంటే ముందొచ్చి టైపు చేస్తున్న ఓబులేసును మెచ్చుకున్నాను కూడా: "నీ మాదిరి అందరూ వస్తే ఆఫీసు బాగుపడతాదప్పా!"

"బస్సు దొరికిన నాడు ముందొస్తానన్నా. తప్పిన నాడు నీ వెనకాలే" అన్నాడు.

జవాబంతా ఆ మాటలోనే ఉంది. నేను నవ్వి కంప్యూటర్ గదికి పోయాను.

"ఆ మిషన్లు ముట్టేది నువ్వొక్కడివే కదప్పా, ఇంకెవర్ని అడగల్ల?" అంటూ మా అధికారి బదిలీ కాగితం ఇచ్చారు. మడకశిరలో కంప్యూటరే లేదు. మూడేళ్లు కుట్ర, కుట్ర అని అర్జీలు రాశాను. చివరికి సమాచార హక్కు చట్టం కింద అడిగాను: నెట్‌ను అడ్డుకున్న వ్యక్తి పేరు, హోదా తెలపండి.

జవాబు వచ్చింది:

"తపాలా విభాగములోని పాత ప్రాక్సీకి డబ్ల్యూప్యాడ్ అను పేరు, పాత ఫైలు అట్లే ఉండినవి. దానిని ముందుగా వేసిన దినములలో కంప్యూటర్లన్నియు దానినే నమ్మి, మూతపడిన పాత దారిన పోయి ఆగిపోయినవి. ఇప్పుడు పేరు తొలగించడమైనది. పేరు మార్చక దానిని అప్పగించిన వ్యక్తి: తమరు. హోదా: సీనియర్ అసిస్టెంటు. తమరి సంతకము గల అప్పగింత పత్రము నకలు జతపరచడమైనది."