గల్ఫ్‌కు పోయిన సకినాల కబురు

ఖానాపూర్‌లో మా సకినాల దుకాణం ఎంత ఇరుకంటే, గిరాకీ తుమ్మితే వెనక గోడకున్న మామిడికాయ తొక్కు సీసాలు ఉలిక్కిపడేవి. దుకాణం నడిపింది నా భార్య. నేను పక్కన కూర్చుని మాటలు అమ్మేవాణ్ని. ఆమె పోయాక ఇంట్లో నాతో మాట్లాడేది ఫ్యాను ఒక్కటే. అదీ కరెంటు ఉన్నప్పుడే. ఎవరికి ఏది ఇష్టమో ఆమెకు తెలుసు, నాకు తెలియదు. గిరాకీలు ఒక్కొక్కరే తగ్గారు. దుకాణం కూడా మూతపడితే ఇక మనిషి గొంతు వినడానికి నేను బస్టాండుకు పోయి నిలబడాల్సిందే.

హైదరాబాదులో కంప్యూటర్ల పని చేసే మా బామ్మర్ది నా అవస్థ చూడ్డానికి వచ్చాడు.

"బావా, గిప్పుడంత డేటానే. ఎవలొచ్చిండ్రు, ఏం కొన్నరు, మల్ల ఎప్పుడొస్తరు, అన్ని కంప్యూటర్ల ఎక్కియ్యాలె. ఫోన్ నంబర్లడుగు."

"ఆడోళ్లను నంబరడిగితె చెప్పుతోని కొడ్తరురా."

"బిల్లు కోసమను. నీ మొఖం జూసి ఎవలు అనుమానపడరు తియ్యి."

కంప్యూటర్ కొన్నాను. దుకాణంలోకి తెచ్చే ముందు, కొత్త బండికి చేసినట్టే కొండగట్టుకు తీసుకుపోయి పూజ చేయించాను. దండ వేశాం, బొట్టు పెట్టాం. నిమ్మకాయలు దేనికింద పెట్టి తొక్కించాలో తెలియక పూజారీ నేనూ చాలాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

కొన్ని నెలలు ఓపిగ్గా అన్నీ ఎక్కించాను. ఎవరు రావడం మానేశారో కంప్యూటర్ చూపించింది. వాళ్లందరి ఫోన్లకూ ఒకేసారి కబురు పెట్టాను: 'మీకిష్టమైన సకినాలు ఇప్పుడే కడాయిలోంచి తీసినం. వచ్చి తీస్కపోండ్రి.'

ఫోన్ మోగింది. మోగీ మోగీ బల్ల మీద బతుకమ్మ ఆడింది.

"అన్నా, నేను దుబాయ్ల ఉన్న. ఎట్లొచ్చి తీస్కపోవాలె?"

తరువాతి మనిషి మస్కట్ నుంచి. ఆ తరువాతి మనిషి ఎడారిలో ఒంటెల దగ్గర నుంచి. మా దిక్కు ఆడవాళ్లను నంబర్ అడిగితే ఇంటాయన నంబరే చెప్తారు. ఇంటాయన ఏ దేశంలో ఉన్నాడో నేను అడగలేదు, కంప్యూటర్ అంతకన్నా అడగలేదు. అరబ్బు దేశాలన్నిటికీ నూనె వాసన పంపించినవాణ్ని నేనే అయ్యుంటాను.

తిడతారనుకున్నాను. ఒక్కరూ తిట్టలేదు. ఒకతను మాత్రం మెల్లగా అడిగాడు.

"అన్నా, జర కడాయి కాడ ఫోన్ వెట్టు. సప్పుడింట."

పెట్టాను. సకినాలు వేగుతున్నంతసేపు అక్కడ అతను, ఇక్కడ నేను, ఆ చప్పుడే విన్నాం.

"మా ఇంటికి పంపియ్యన్నా, పైసలు నేను పంపిస్త" అని చివరికి అన్నాడు.

అందరూ అదే మొదలుపెట్టారు. "కొనేటోళ్లు ఆడున్నరు, తినేటోళ్లు ఈడున్నరు. గదే బావా డేటా అంటె" అని బామ్మర్ది ఎగిరి గంతేశాడు. ఆటోలో ఇంటింటికీ పంపడం మొదలైంది. దందా ఎంత పెరిగిందంటే, ఆటో అతను నాతో మంత్రిగారిలా మాట్లాడసాగాడు.

కానీ ఇళ్ల నుంచి ఒక్క మనిషీ దుకాణానికి రావడం లేదు. ఎందుకొస్తారు, సకినాలే గుమ్మం ముందు దిగుతుంటే? పొద్దంతా గల్లా ముందు కూర్చుని సీసాలతో మాట్లాడేవాణ్ని. మామిడికాయ తొక్కు కొంచెం నయం, అల్లం తొక్కు పెడసరం మనిషి.

ఒకరోజు ఊళ్లో ఇళ్లకు ఆటోలో పంపడం బంద్ పెట్టాను. 'ఇంటోళ్లు వచ్చి, రుచి చూసి తీస్కపోవాలె' అని గల్ఫ్‌కు కబురు చేశాను.

బామ్మర్ది ఫోన్ చేశాడు. "పాగలైనవా బావా? డేటా ఏం చెప్తుంది, నువ్వేం జేస్తున్నవ్?"

"డేటాల గిరాకీ గొంతు ఇనవడ్తలేదురా."

"గొంతు అమ్ముతవా, సకినాలమ్ముతవా?"

ఆర్డర్లు సగానికి పడిపోయాయి. తప్పు చేశానేమోనని పరేషాన్ అవుతుండగా, కొంగు నెత్తిన కప్పుకుని ఒకామె దుకాణంలోకి దూసుకొచ్చింది.

"ఏందన్నా, ఆటోల పంపితె నీ సొమ్మేం బాయె? గింత ఎండల నన్ను తిప్పుతున్నవ్! మా ఆయనేమో పొద్దుకోసారి నీ కడాయి ముచ్చటనే."

ఒక సకినం తీసి ఆమె చేతిలో పెట్టాను. కొరికింది. మొహం చిట్లించింది.

"ఉప్పు తక్కువైంది. వదినున్నప్పుడు గిట్లుండకపోయేది."

ఆ మాట ఎక్కించడానికి కంప్యూటర్‌లో చోటెక్కడుందో నాకు దొరకలేదు. లోపలికి పోయి, నా భార్య పోయాక పిండి కలపడానికి పెట్టుకున్న ఆమెకు చెప్పాను. తిరిగి వచ్చేసరికి ఆ తల్లి స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఇంకోటియ్యి. సరింగ జూసి చెప్త."