ముళ్ల ఎలుకకు పట్టు పడక

పన్నెండేళ్లుగా ఒక చిన్న కాలు నా గుండె మీద ఉంది. చిటికెనవేలంత కూడా లేని కాలు. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీరు నా ముఖం చూడలేరు కాబట్టి మీకు చెబుతున్నాను.

మాది ధర్మవరం, మగ్గం ఇల్లు. అక్క కాపురం హిందూపురంలో, ఉద్యోగం పెనుకొండలో. ఆ ఆఫీసు వెనక కంపల్లో తల్లి లేని ముళ్ల ఎలుక పిల్ల దొరికితే ఇంటికి తెచ్చి పెంచుకుంది. ఆలుగడ్డంత ఉండేది. ముట్టుకుంటే బంతిలా ముడుచుకుని బుసకొట్టేది. అక్క ఏదో ట్రైనింగుకు పోతూ, పదిహేను రోజులు చూసుకోమని, మూత ఉన్న వెదురుబుట్టలో పెట్టి రైల్లో మా ఇంటికి తెచ్చింది.

"బుట్టలో ఈ కాగితం ముక్కలే పరుచు. దారాలు మాత్రం వద్దు, కాలికి చుట్టుకుంటాయి" అంది.

"దినామూ పట్టు నేసేటోనికి మెత్తనిదేదో నువ్వు చెప్తాండావా?"

"నీ పట్టు పెండ్లికూతుర్లకప్పా. ఇది చీర కట్టదు" అని పకపకా నవ్వింది. పక్క మగ్గాల మీదివాళ్లూ నవ్వారు.

తన పెళ్లిలో నన్ను రెండో పంక్తిలో కూర్చోబెట్టిన సంగతే మరిచిపోనివాణ్ణి, ఆ నవ్వు మరుస్తానా?

అక్క రైలెక్కగానే కాగితాలు తీసేశాను. మగ్గం కింద రాలిన పట్టుదారపు తుంపులు పోగుచేసి పరిచాను. ఎరుపు, పసుపు, నెమలికంఠం. చిన్నప్పుడు మా అవ్వ ఆ తుంపులు నింపే నాకు దిండు కుట్టింది. దాని మీద తలపెట్టి, నాయన మగ్గం చప్పుడు వింటూ నిద్రపోయేవాణ్ణి. అంతకంటే మంచి పడక ఉంటుందా అనుకున్నాను. నిజంగా అంతే అనుకున్నానా? లేక అక్క తిరిగొచ్చి, ఆ రంగుల్లో హాయిగా పడుకున్న దాన్ని చూసి తలదించుకోవాలనుకున్నానా? రెండూ ఉన్నాయి. రెండోదే ఎక్కువ.

ఆరో రోజు అది తిండికి లేవలేదు. వెనక కాలికి ఎర్రదారం బిగుసుకుపోయింది. పాదం నల్లబడింది. కత్తెర మొనతో దారం తెంపాను. పశువుల ఆసుపత్రికి తీసుకుపోలేదు, పోతే అక్కకు తెలుస్తుందని. నాలుగు రోజులకు పాదం ఎండి రాలిపోయింది. తుంపులన్నీ పొయ్యిలో వేసి, మళ్లీ కాగితాలు పరిచాను.

"కాలికేమైందిరా?" అంది అక్క, తిరిగొచ్చి బుట్ట తెరవగానే.

"నువ్వు తెచ్చినప్పుడే కుంటుతాండె. నీ బుట్ట మూత కింద నలిగుంటాది. చూసుకోవద్దా?"

ఈసారి ఆమె నవ్వలేదు. నేలమీద కూర్చుని ఆ మూత ఎత్తింది, దించింది, మళ్లీ ఎత్తింది. దాచడమెందుకు, ఆ క్షణం నాకు బాగుంది.

ముళ్ల ఎలుక మూడు కాళ్లతో రెండేళ్లు బతికింది. తర్వాత అక్క మరే ప్రాణినీ తన ఇంట్లోకి రానివ్వలేదు.

పోయిన నెల హిందూపురం వెళ్లాను. అక్క కూతురు కుందేలు కావాలని మారాం చేస్తోంది.

"వద్దు తల్లీ" అంది అక్క, తన చేతులు చూసుకుంటూ. "ఒకదాని కాలు మూతేసి నలిపినదాన్ని. నా చేతికి ఇంకోటి వద్దు."

నేను పక్కనే కాఫీ తాగుతున్నాను. చెప్పవచ్చు. చెప్పలేదు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగాను.

ఆమె నవ్విన మాట నిజం. అది తలచుకుంటే ఇప్పటికీ మంటే. కానీ మూత కాదు. దారం. ఎర్రదారం. పరిచింది నేను.