ఎవరో రాసిన పిల్లకు నా జడ

మా అమ్మ కథలు విని ఏడ్చేది. ఏడిస్తే ఏడ్చింది, నాకేం పోయిందని ఊరుకునే మనిషినే నేను. కానీ ఆ ఏడుపు వచ్చి వచ్చి నా నెత్తికే చుట్టుకుంది. మాటవరసకు అనడం లేదు, నిజంగా నెత్తికే.

ధర్మవరంలో మాది నేత ఇల్లు. ముందు గదిలో గుంటమగ్గం, దాని మీద నాయన. గోడ వారగా రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూ అమ్మ. గడప మీద వారపత్రికతో నేను. డెబ్భైల చివరి మాట ఇది. అమ్మానాయనలిద్దరికీ అక్షరం ముక్క రాదు. టీ అంగడిలో పదిమందీ చదివి, బజ్జీల నూనె అంటించి వదిలేసిన పాత పత్రికను నాయన అడిగి తెచ్చేవాడు. అందులో సీరియల్‌ను నేను మగ్గం చప్పుడుకు మించి గొంతెత్తి చదవాలి. పదో తరగతి పరీక్షలకు కూడా నేనంత గట్టిగా చదవలేదు.

ఆ సీరియల్లో ఒక అమ్మాయి. తల్లి లేదు, తండ్రి లేడు, మేనమామ ఇంట్లో అంట్లు తోముతూ ఉంటుంది. ఎక్కడో కాలవలూ కొబ్బరిచెట్లూ ఉన్న ఊరు వాళ్ళది. ఆ కథలో వారం వారం వాన కురిసేది. దుఃఖం వస్తే వాన, ఉత్తరం వస్తే వాన, ఎవరైనా ఇల్లు వదిలి వెళ్తే జడివాన. చివరికి ఆ అమ్మాయి వానలో తడిసి, జ్వరం తెచ్చుకుని మంచం పట్టింది. నాకు ఒళ్ళు మండింది. వానలో తడిసి జబ్బుపడిన మనిషిని మా జిల్లాలో నేనింతవరకు చూడలేదు. ఆ భాగ్యం మాకెక్కడిది? ఆ ఏడు శెనక్కాయ విత్తినవాళ్ళు మబ్బు కోసం మెడలు నొప్పి పుట్టేలా చూస్తున్నారు. మా వీధి బోరింగు దగ్గర ఆడవాళ్ళు జుట్లు పట్టుకుంటున్నారు. వాటికి అమ్మ కంట చుక్క రాలలేదు. పైగా బోరింగు దగ్గర ఇద్దరిని తోసి మరీ బిందె నింపుకొచ్చింది. అలాంటి మనిషి, కథలో పిల్లకు ఒళ్ళు కాలుతోందని చదవగానే రాట్నం ఆపి ముక్కు చీదడం మొదలుపెట్టింది.

"పట్టు మీద కండ్లనీళ్ళు పడితే మరక పోదు మే. ఏడిస్తే బయటికి పోయి ఏడువు," అన్నాడు నాయన మగ్గంలోంచి.

"నేనేం ఏడవడం ల్యా. కంట్లో దుమ్ము పడినాది," అని అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని నా వైపు తిరిగింది. "ఊఁ, చెప్పు. డాకటరు వచ్చినాడా?"

"ఈ వారానికి అంతే. మిగతాది వచ్చే వారం."

"వచ్చే వారం దాకా ఆ యమ్మికి మందెవరు పోస్తారు?"

ఓపిక తెచ్చుకుని చెప్పాను. అమ్మా, ఆ పిల్ల ఎక్కడా లేదు, ఎవరో ఒకాయన కుర్చీలో కూర్చుని, కాఫీ తాగుతూ, తోచింది రాస్తాడు, పత్రికవాళ్ళు అచ్చు వేస్తారు అని. అమ్మ అంతా విన్నది.

"రాసేది తన చేతిలోనే ఉన్నప్పుడు ఆ పిల్లకు జొరమెందుకు తెచ్చినాడు? ఆయప్పకు ఆడపిల్లలు లేరా?" అంది.

నేను పత్రిక మడిచి గూట్లో పెట్టేశాను.

జ్వరం తగ్గలేదు. అమ్మ పొయ్యి దగ్గర అదే ధ్యాస, బోరింగు దగ్గర అదే ధ్యాస. ఒకరోజు పొద్దున్నే తలస్నానం చేసి, దీపం పెట్టి, పసుపు గుడ్డలో నాణెం ముడుపు కడుతోంది. మా ఇంట్లో ఎవరికీ జబ్బు లేదు కదా, ఎవరి కోసమని అడిగాను.

"ఆ యమ్మి లేచి తిరిగితే కదిరి స్వామికి తలెంటికలు ఇస్తానని మొక్కుకున్నా."

"ఎవరి తలెంటికలు?"

"నీవి."

వీధి వీధంతా వినేలా గొడవకు దిగాను. మొక్కు నీదైతే జుట్టు నీది ఇవ్వమన్నాను. "ముత్తైదువను, నేనెట్లిస్తా?" అంది. నాయనది ఇప్పించమన్నాను. నాయన బట్టతల వైపు చూసి, "ఆడ ఇయ్యడానికి ఏముండాది?" అంది. ఆడపిల్లలు మూడు కత్తెర్లు ఇస్తే చాలంటారు కదా, అదైనా ఒప్పుకోమని బతిమాలాను. "మొక్కినాక దేవునితో బేరమా?" అంది. అసలు నేనే ఎందుకని అడిగితే, తేలిగ్గా, "ఆ యమ్మి నీ నోట్లో కదా బతుకుతాండాది, నువ్వే ఇయ్యల్ల," అంది.

నడుము దిగిన జడ నాది. అందరిలో చెప్పుకోడానికి నాకున్నది అదొక్కటే. పైగా సెలవులయ్యాక అనంతపురంలో ఇంటర్‌లో చేరాలి, హాస్టల్లో ఉండాలి. గుండుతో వెళ్ళి, ఏమైందని అడిగిన ప్రతి పిల్లకూ, సీరియల్లో అమ్మాయికి జ్వరం తగ్గిందని చెప్పుకోవాలా?

ఆ రోజు నుంచి ఆ అమ్మాయి చావాలని కోరుకున్నాను. నాయన పత్రిక తేవడం ఆలస్యం, గుంజుకుని ముందు నేను చూసేదాన్ని. ఆ రచయిత మహానుభావుడు ఆమెను చావనివ్వడు, బతకనివ్వడు. ఒక వారం పలవరింత, ఒక వారం తెలివి, మళ్ళీ పలవరింత. మధ్యలో ఒక వారమంతా కిటికీ బయట వాన గురించే రాశాడు. ఆ వారం పత్రికను గోడకేసి కొట్టాను.

ఎట్టకేలకు ఆఖరి భాగం వచ్చింది. పెరట్లోకి తీసుకుపోయి ఒంటరిగా చదివాను. ఆ అమ్మాయి బతికింది. కళ్ళు తెరిచి, మంచినీళ్ళు అడిగింది. అంతే కథ.

పత్రిక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడు తట్టింది. వాళ్ళకు చదువు రాదు. చదివేది నేను. కళ్ళు తెరిచింది అన్నచోట కళ్ళు మూసింది అంటే చాలు, ఆపైన రెండు వాక్యాలు నేను కల్పించుకోలేనా? తెలుగు వ్యాసాల్లో నన్ను మించినవాళ్ళు మా బళ్ళో లేరు. వాక్యాలు సిద్ధం చేసుకుని, మనసులో రెండుసార్లు అనుకుని లోపలికి వెళ్ళాను.

అమ్మ అప్పటికే పని కట్టేసి, కాళ్ళుచేతులు కడుక్కుని, గుడికి వచ్చినట్టు కూర్చుని ఉంది. పట్టు మీద ఏడవొద్దని కసిరే నాయన కూడా మగ్గం ఆపేశాడు. మగ్గం ఆగిన ఇల్లు మాకు అలవాటు లేదు. చదవడం మొదలుపెట్టాను. మేనమామ మంచం పక్కన కూర్చున్నాడు. దీపం తగ్గించారు. ఆమె కళ్ళు, అని ఆగిపోయాను.

"ఏమైనాది మే? సదువు," అంది అమ్మ.

మూసింది అనే మాట నోటిదాకా వచ్చి నిలబడింది. వెధవది, నాలుగు అక్షరాలు కూడా లేవు. అమ్మ నా నోటివైపే చూస్తోంది. ఆ పిల్ల గిన్నెలు తోమినప్పుడల్లా చదివింది నేను, తన్నులు తిన్నప్పుడల్లా చదివింది నేను. ఇన్నాళ్ళూ ఎవరిని చూసి విసుక్కున్నానో ఆమె ముందే, చేతిలో పత్రిక తడిసేలా వెక్కివెక్కి ఏడ్చాను. అలా ఏడుస్తూనే, అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదివాను. కళ్ళు తెరిచింది. మంచినీళ్ళు అడిగింది.

"ఇంగ నయం," అని నాయన నేతకు కూర్చున్నాడు.

తర్వాత ఆదివారమే కదిరి వెళ్ళాం. మంగలి నీళ్ళు చిలకరించి కత్తి పెట్టాడు, జడ కింద పడింది, అయిపోయింది. తిరుగు బస్సులో కిటికీ లోంచి వచ్చే వడగాలి నేరుగా బోడినెత్తికి తగులుతోంది. నేను అమ్మతో మాట్లాడటం లేదు. ముదిగుబ్బ దాటాక అమ్మే నెమ్మదిగా కదిపింది.

"ఆ యమ్మి సచ్చిపోయినాదని సదివింటే నాకేం తెలిసేది మే? నీ జడ నీకుండేది గదా."

అంటే ఈమెకు ముందే తెలుసు. తెలిసే అలా నా నోరు చూస్తూ కూర్చుంది. పట్టలేని కోపం వచ్చింది.

"నీళ్ళడుగుతాంటే ఎట్ల చంపేదిమా!" అని బస్సంతా వినేలా అరిచాను.