పేరు చెప్పని ఆకు

జోజి ఇంట్లో డి.ఎన్.ఏ. పరీక్ష జరిగిందట, కూతురు అక్సా ఎవరి బిడ్డో తేల్చనీకి హైదరాబాద్ పంపిన్రట. పాల్వంచ బస్సులో పుట్టిన ఈ మాట పొద్దుగూకేసరికి ఊరంతా తిరిగింది. టీవీ చూసేవాళ్లకు డి.ఎన్.ఏ. అంటే తండ్రెవరో తేల్చే పరీక్షే మరి.

"ఆ ముక్కు జూస్తే తెలుస్తలేదా? దానికి పరీక్షెందుకు?" అని జోజి నవ్వాడు. అతని పెళ్లాం ఇన్నమ్మకు నవ్వు రాలేదు. పంపిన పరీక్ష నుంచి వెనక్కి తగ్గాలనీ అనిపించలేదు.

ఆమె, ఇంకో నలుగురు ఆడవాళ్లు అడవి అంచున నేల ఉసిరి ఏరి, ఎండబెట్టి, కామెర్ల మందుకని వీరేందర్ సేటుకు అమ్ముతారు. ఈసారి సరుకులో వేరే మొక్క కలిసిందని సేటు మూటలన్నీ తిప్పి పంపాడు.

"ఎవరి తప్పో తేలేదాక మీ సరుకు ముట్ట," అన్నాడు.

ఎండి నలిగిన ఆకు ఏ మొక్కదో ఎవరు చెప్పగలరు? వెంకమ్మ మాత్రం చెప్పేసింది.

"ఇంకెవరు? కొత్తగ చేరిన తిరుమలనే."

తిరుమల కళ్లనిండా నీళ్లు.

"చూడకుండ నింద ఎందుకేస్తవ్ వదినె?" అంది ఇన్నమ్మ. "ఆకు పొడికి డి.ఎన్.ఏ. పరీక్ష జేసి మొక్క జాతి చెప్తరంట హైదరాబాద్‌ల. ఎవరిది వాళ్లం వేరే మూట గట్టి పంపుదాం. ముందు నాది కట్టు."

కట్టిందే గానీ లోపల గుబులు. కామెర్ల ఆకు పేరు పైకి చెబితే మందు పారదని పెద్దల మాట. అందుకే అత్త వేలితో చూపిందే తప్ప పేరు చెప్పలేదు. ఎవరికి ఏది చూపితే వాళ్లకు అదే నేల ఉసిరి. అయిదుగురూ పక్కపక్కన పెట్టి చూసుకున్నది ఏనాడూ లేదు. అత్త చూపిందే తప్పయితే?

"అయితే కానీ. తెలవాలె," అనుకుంది.

హైదరాబాద్ నుంచి ఫోను వచ్చిన రోజు ఇన్నమ్మ అందరినీ తన వాకిట్లోకి పిలిచింది. అందరికంటే చిన్నదైన తిరుమలకు ఎదురుగా తనే పీట వేసుకుని కూర్చుంది.

"నువ్వు ఏరే మొక్క వేళ్లతో సహా పట్టుకరా పిల్లా. పేరు పెట్టి చెప్పు. నేను నేర్చుకుంట."

"పేరు చెప్తే మందు పారదక్కా!"

"చెప్పకనే గదనే గిట్లయింది."

వెంకమ్మ తల వంచుకుంది. తర్వాతి వారం సేటు మళ్లీ సరుకు తీసుకున్నాడు.

పాల్వంచ బస్సులో ఇంకా అక్సా మాటే నడుస్తోంది. పరీక్షలో వేరే జాతిదని తేలింది ఇన్నమ్మ ఎండబెట్టిన ఆకు.