ఇక్బాల్ బీ ఒక్కపొద్దులు

ఎనబై ఏడు, ఎనబై ఎనిమిదిల కల్వకుర్తి మీదికెళ్లి శ్రీశైలం పోయే లారీ డ్రైవర్లల్ల తాజుద్దీన్ హోటల్ ఎరుకలేనోడు లేకుండె. పేరుకే తాజుద్దీన్ హోటల్. గల్ల కాడ కూసోని పాన్ నములుడు తప్ప ఆయన చేసిందేముంది? పైన రేకులు, లోపల నాలుగు బల్లలు, ఎన్కపక్క కట్టెల పొయ్యిలు. ఆ పొయ్యిల కాడ పొద్దందాక నిలబడేది ఆయన పెండ్లాం ఇక్బాల్ బీ. ఖట్టీ దాల్, బగారన్నం, బోటి కూర. గంతే. గంతకే అచ్చంపేట బస్సు దిగినోళ్లు ఇల్లు మర్చి ఆ బల్లల కాడ కూలబడేది.

పెండ్లయి ఏండ్లు గడిచినా ఆమెకు కడుపు పండలే. అత్త గులాబ్‌బీ నోరు మంచిది కాదు. "కడుపుల లేకున్నా చేతిలన్న ఉన్నది. గందుకే ఇంట్ల ఉన్నది" అని గిరాకీల ముంగటనే అనేది. ఇంకో పెండ్లి సంగతి ఎత్తినప్పుడల్లా తాజుద్దీన్ "దీని తీరుగ ఎవరొండుతరమ్మా" అని నవ్వి దాటేసేటోడు. ఆ నవ్వును పట్టుకునే ఇక్బాల్ బీ బతుకుతుండె. తన జాగ పొయ్యి కాడనే అని ఆమెకు మంచిగ ఎరుక.

గసొంటి మనిషికి ఒక చలికాలం విషజ్వరం వచ్చింది. దవాఖానల పండి లేచొచ్చింది, ఒళ్లు కుదుటపడ్డది, నాలుక మాత్రం సచ్చిపోయింది. ఉప్పు తెల్వది, పులుపు తెల్వది. చింతపులుసు నోట్ల పోసుకుంటే నీళ్ల లెక్కనే. రేపటికి వస్తది తియ్ అనుకున్నది. రాలే. ఎవ్వలకు చెప్తది? చెప్తే పొయ్యి పాయె, పొయ్యి పోతే ఇల్లు పాయె. చెయ్యి అలవాటు మీద వండుకొచ్చింది. గిన్నె దించినప్పుడల్లా, గిరాకీ మొదటి ముద్ద నోట్ల పెట్టేదాక తడక సందులకెళ్లి సూసుడే ఆమె పని.

గంతల రంజాన్ వచ్చింది. ఆ నెల వాళ్ల హోటల్ల ఒక రివాజు ఉండె. తలుపుకు పరదా కట్టి పగలు గిరాకీలకు పెడ్తరు. వండేటామె రోజా ఒక్కపొద్దుంటది కాబట్టి ఉప్పు సూడది. నాలుక కొనకు తాకిచ్చి ఉమ్మితే తప్పులేదని కొందరంటరు, గులాబ్‌బీ మాత్రం ఒప్పకపోయేది. గందుకని పక్కింట్ల మగ్గం నేసే వెంకటనర్సమ్మ వచ్చి, అరచేతిల పులుసు పోయించుకోని సూసేది.

"ఉప్పు జర తక్కువున్నదే అక్కా, పులుపు సరిపాయె" అని చెప్పి మళ్ల మగ్గం గుంతల దిగేది.

ఆ నెలంత ఇక్బాల్ బీ నిమ్మళంగ నిద్రపోయింది. ఆఖరి దినం అందరు నెలవంక కోసం సూస్తుంటే, ఈమె మాత్రం మబ్బు కమ్మితే బాగుండునని సూసింది.

పండుగ ఎన్క ఇంకో ఆరు ఒక్కపొద్దులుంటే పుణ్యమంటరు. అవి ఉన్నది. వెంకటనర్సమ్మ వచ్చి ఉప్పు సూసింది. అవి సుత ఒడిసినై. తెల్లారి మొగని ముంగట నిలబడి "ఇంకొన్ని దినాలుంట" అన్నది. గసొంటియి మొగడు సరే అంటేనే ఉండాలె.

"ఎందుకు?" అన్నడు తాజుద్దీన్.

ఆమె తల వంచుకున్నది. అబద్ధం సుత నోటికి రాలే. ఆ వంచిన తలను సూసి ఆయనకు తోచింది ఆయన అనుకున్నడు. కండ్లల్ల నీళ్లు తిరిగినై.

"మొక్కుకున్నవా? బిడ్డ కోసమేనా?"

కాదనాలె గద! కాదంటే మరి ఎందుకో చెప్పాలె. ఊకున్నది.

ఇగ సూడుండ్రి. తాజుద్దీన్ పాన్ బంద్ చేసిండు. శుక్రవారం శుక్రవారం దర్గకు పోయి పూలు పెట్టొచ్చుడు మొదలువెట్టిండు. గులాబ్‌బీ, గా నోరు, తెల్లారకముందే కోడలి కంటె ముందుగాల లేచి రొట్టె కాల్చి "తిను బిడ్డా" అనేది. బిడ్డా అన్న మాట ఆ ఇంట్ల ఆమె మొదటిసారి వినుడు. సగం రొట్టె తుంచుకోని లేచేది. దొంగ ఒక్కపొద్దు కాదు, నీళ్లు సుత ముట్టలే. కని ఒక్కపొద్దుకు నియ్యత్ ఉండాలె, ఎందుకుంటున్ననో మనసుల అనుకోవాలె. పొద్దుగాల ఆమె పెదవులాడేది, లోపల ఏ మాటా లేకుండె. అల్లాకు సుత అబద్ధం చెప్తున్ననని పొయ్యి కాడ ఏడ్చేది. పొగల ఏడిస్తే ఎందుకని ఎవ్వలడుగుతరు?

వానలు పడేసరికి మనిషి కట్టెపుల్ల అయింది. అప్పుడే వెంకటనర్సమ్మోళ్ల మగ్గం బందయింది. నూలు దొరుకుతలేదు, నేసిన చీర కొనేటోడు లేడు. ఇంటికి తాళమేసి మొగనితోని భీవండి మరమగ్గాల పనికి బయలెల్లింది.

"ఇగ సాలు తియ్ అక్కా, కడుపునిండ తిను" అని ఇక్బాల్ బీ చెంపలు నిమిరి బస్సెక్కింది.

ఆ మర్నాడే దాల్‌ల రెండుమాట్ల ఉప్పు పడ్డది. ఒక లారీ డ్రైవర్ ముద్ద నోట్ల పెట్టుకోని, పల్లెత్తు మాటనకుండ చెయ్యి కడుక్కోని పోయిండు. తిట్టినా బాగుండు. ఎన్కనే ఇంకోడు లేచిండు. తాజుద్దీన్ పొయ్యి కాడికొచ్చి దాల్ సూసిండు. కోపం చెయ్యలే.

"ఒంట్ల సతువ లేక గిట్లయింది. బిడ్డ కోసం ఎంత తిప్పల పడ్తున్నవే" అని నెత్తి మీద చెయ్యి పెట్టిండు.

ఆ చెయ్యి ఆమె ఓర్వలేకపోయింది. నాలుక సంగతి, ఒక్కపొద్దుల సంగతి, మొదటికెళ్లి ఆఖరుదాక చెప్పేసింది.

తాజుద్దీన్ మెల్లగ చెయ్యి తీసిండు. "నాలుక పోతే పోయె, పట్నం దవాఖానకు తీస్కపోదును. వంటమనిషిని పెట్టుకుందుము. దానికేం ఫికర్?" అన్నడు. మళ్ల తనే అడిగిండు. "బిడ్డ కోసం ఒక్కటన్న లేకుండెనా? ఒక్క దినమన్న?"

ఉండె అంటే అయిపోయేది. ఆయనకు గదొక్క మాటే కావాలె. ఆమె నోరు తెరిచింది, ఇగ అబద్ధం చెప్పుడు తన తోని కాదనుకున్నది.

"లేకుండె."

తాజుద్దీన్ ఇంకో పెండ్లి చేసుకోలే, ఆమెను ఎల్లగొట్టలే. అచ్చంపేటకెళ్లి వంటమనిషిని తెచ్చిండు. ఇక్బాల్ బీ ఉల్లిగడ్డలు కోస్తది, బల్లలు తుడుస్తది. పళ్లెం తెచ్చి పెడ్తే తింటడు, మొఖం సూడడు. ఆ దినం కెళ్లి హోటల్లనే పండుకుంటుండు, ఇంటి గడప తొక్కడు.

ఏడాది తిరిగి రంజాన్ వచ్చింది. ఇక్బాల్ బీ ఈమాటు బిడ్డ కోసమని మనసుల గట్టిగ అనుకోని, మొదటి ఒక్కపొద్దున్నది.